తూటాకు వానాకాలం జబ్బు

తూటా అనగానే మన చరిత్ర పాఠాల్లోంచి గుర్తొచ్చేది 1857. ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారన్న తూటాలు, వాటిని పళ్లతో కొరకమన్న తెల్లదొరలు, బారక్‌పూర్‌లో మంగళ్‌పాండే... హైస్కూల్లో అందరూ చదివిందే. ఆ తూటా కాగితంతో చుట్టింది. లోపల మందు, ముందు సీసపు గుండు, పైన కాగితం. కొరికి, మందు తుపాకీ గొట్టంలో పోసి, తర్వాత గుండు దింపాలి.

సరిగ్గా ఆ తూటాయే తెల్లవాళ్లని ఇంకోసారి ఇబ్బంది పెట్టింది, ఇదే దేశంలో. ఈసారి కాగితం కాదు, ఇత్తడి. తిరుగుబాటు సిపాయిలదీ కాదు... తూటాలదే! ఎవరూ పేల్చకుండా, ఎవరూ కింద పడేయకుండా, పెట్టెలో ఉన్నవి ఉన్నట్టే పగిలిపోయాయి. ఎందుకు పగిలాయో గట్టిగా తేల్చి చెప్పడానికి 1921 దాకా పట్టింది. ఆ కథలో గుర్రాలున్నాయి, వానలున్నాయి, మన కంచరి వీధుల్లో తరతరాలుగా తెలిసిన ఓ చిన్న కిటుకూ ఉంది.

ముందు ఇత్తడి ఎలా వచ్చిందో చూద్దాం. కాగితం తూటా తడిస్తే పనికిరాదు, చిరిగితే మందు కారిపోతుంది. 1866లో బ్రిటిష్ సైన్యం స్నైడర్-ఎన్‌ఫీల్డ్ తుపాకీలోకి మారినప్పుడు ఎడ్వర్డ్ బాక్సర్ అనే అధికారి పల్చటి ఇత్తడి రేకు చుట్టి కొత్త తూటా చేశాడు. గుండు, మందు, నిప్పు పుట్టించే ప్రైమర్... అన్నీ ఒకే గుల్లలో. కొరకడాలు, పోయడాలు లేవు. తర్వాత రేకు చుట్టడం పోయి, ఒకే ఇత్తడి బిళ్లని సాగదీసి గుల్ల చేయడం మొదలైంది. 1888లో వచ్చిన పాయింట్ త్రీ నాట్ త్రీ తూటా అలాంటిదే. 'త్రీ నాట్ త్రీ' అంటే మనవాళ్లకి కొత్తగా చెప్పాలా? స్వాతంత్ర్యం వచ్చాక కూడా దశాబ్దాలపాటు పోలీసు స్టేషన్ల గోడలకి ఆనించి ఉండేవి ఆ తుపాకులే.

పేల్చినప్పుడు ముందున్న గుండు మాత్రమే పోతుంది. ఇత్తడి గుల్ల తుపాకీలోనే ఉండి, తర్వాత బయటికి ఎగిరి పడుతుంది. మన సైన్యంలో, పోలీసుల్లో దాన్ని 'ఖోకా' అంటారు. ఎన్‌సీసీ క్యాంపుకి వెళ్లినవాళ్లకి గుర్తుండే ఉంటుంది... ఫైరింగ్ అయ్యాక ఖోకాలు ఏరి లెక్క అప్పజెప్పేదాకా కదలనివ్వరు!

ఇన్ని లోహాలుండగా ఇత్తడే ఎందుకు? నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు కలిపిన ఇత్తడికి ఓ అరుదైన గుణం ఉంది. మందు అంటుకోగానే లోపల పీడనం వాతావరణ పీడనానికి సుమారు 4 వేల రెట్లు అవుతుంది. ఆ ఒత్తిడికి గుల్ల ఉబ్బి తుపాకీ గొట్టానికి అతుక్కుపోతుంది. దాంతో వేడి వాయువు వెనక్కి, అంటే పేల్చేవాడి మొహం మీదికి రాదు. గుండు బయటికి వెళ్లగానే గుల్ల మళ్లీ కాస్త ముడుచుకుంటుంది. అందుకే తేలిగ్గా బయటికి లాగొచ్చు. ఉబ్బాలి, చిరగకూడదు, మళ్లీ ముడుచుకోవాలి. మరీ మెత్తనిదైతే ముడుచుకోదు. మరీ గట్టిదైతే ఉబ్బేలోపే చిట్లుతుంది.

ఇక వానాకాలం సంగతి.

గుర్రాల సాలలో ఏం జరిగింది?

నైరుతి రుతుపవనాలు వచ్చాయంటే ఆ రోజుల్లో దండు కదలడం కష్టం. బాటలు బురద, వాగులు పొంగు. కాబట్టి సైనిక కార్యకలాపాలు తగ్గించేసి, తూటాల పెట్టెల్ని వాన తగలని చోట భద్రపరిచేవారు. వాన తగలని పెద్ద చూరు అంటే... గుర్రపుసాల. మళ్లీ పొడి వాతావరణం రాగానే పెట్టెలు తెరిస్తే చాలా తూటాలు పగిలి కనిపించేవి. అదీ ఎక్కడపడితే అక్కడ కాదు. గుండుని గట్టిగా పట్టుకునే మూతి దగ్గర, నిలువుగా, సన్నగా, వెంట్రుకవాసి చీలికలు.

యుద్ధంలో ఉన్నవాడికి దీనర్థం ఏమిటి? చీలిన మూతి గుండుని సరిగా పట్టుకోదు. చీలికలోంచి తేమ మందులోకి చేరుతుంది. తుపాకీలోకి ఎక్కేటప్పుడు ఇరుక్కోవచ్చు, పేలినప్పుడు వాయువు పక్కనుంచి తన్నుకు రావచ్చు. ఎదుట శత్రువు ఉన్నప్పుడు ఇలాంటి తూటా చేతికొస్తే, తుపాకీ ఉండీ లేనట్టే.

ఈ రోగానికి 'సీజన్ క్రాకింగ్' అన్న పేరు పడింది. ఆరబెట్టిన కలపలో వచ్చే పగుళ్లలా ఉన్నాయని కొందరు, వానల సీజన్‌తోపాటు వస్తుంది కాబట్టి ఇంకొందరు ఆ పేరుకి అర్థం చెప్పారు. పేరైతే పెట్టారుగానీ మందు కనుక్కోలేదు!

1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు లోహశాస్త్రవేత్తలు చిక్కు విప్పారు. నేరం ఒక్కరిది కాదు, ఇద్దరిది అన్నారు. మొదటి దోషి బయట ఉంది. గుర్రాల మూత్రంలోని యూరియా విడిపోయి అమ్మోనియా అవుతుంది. పొద్దున్నే పశువుల కొట్టంలోకి అడుగుపెట్టగానే ముక్కుకి ఘాటుగా తగిలి కళ్లు మండిస్తుందే, అదే వాయువు. గాలిలో తేమ నిండిన వానాకాలంలో అది ఇత్తడి మీద సన్నటి నీటిపొరలో కరుగుతుంది. అమ్మోనియా, గాలిలోని ఆక్సిజన్ కలిస్తే రాగిని కరిగించేస్తాయి. రసాయనశాస్త్రం ల్యాబ్‌లో మైలుతుత్తం ద్రావణానికి అమ్మోనియా కలిపితే ముదురు నీలంరంగు రావడం ఇంటర్ సైన్సు పిల్లలంతా చూస్తారు. రాగి, అమ్మోనియా కలిసి కట్టే జట్టు రంగే అది.

కానీ అమ్మోనియా ఒక్కటే కారణమైతే గుల్ల మొత్తం సమానంగా తినేసుకుపోవాలి. మూతి దగ్గరే, చీలికగానే ఎందుకు రావాలి? ఇక్కడే రెండో దోషి. అది ఇత్తడి లోపలే దాక్కుని ఉంది. దాని పేరు ఒత్తిడి.

దెబ్బలు తిన్న లోహం

ఒక ఇనప తీగనో రాగి తీగనో తీసుకుని ఒకేచోట అటూ ఇటూ పదిసార్లు వంచి చూడండి. మొదట మెత్తగా వంగుతుంది. తర్వాత మొరాయిస్తుంది. చివరికి పుటుక్కుమంటుంది. లోహమంటే లోపల లెక్కలేనన్ని చిన్నచిన్న స్ఫటికాలు. కొట్టినా, వంచినా, సాగదీసినా ఆ స్ఫటికాల్లోని పొరలు ఒకదానిమీద ఒకటి జారుతూ, చిక్కుపడిపోతూ, ఇక జారలేని స్థితికొస్తాయి. అంటే లోహం గట్టిపడింది, పెళుసెక్కింది అన్నమాట. అంతటితో అయిపోదు. బయటినుంచి బలం తీసేసినా, లోపల ఓ భాగం ఇంకో భాగాన్ని లాగుతూనే ఉంటుంది. పైకి చూస్తే పెట్టెలో హాయిగా నిద్రపోతున్న తూటా. లోపల మాత్రం బిగించిన వీణ తీగ.

గుల్లని బిళ్ల నుంచి గొట్టంగా సాగదీయడం, మూతిని నొక్కి సన్నం చేయడం, గుండు చుట్టూ బిగించడం... ఇదంతా చల్లగా ఉన్న లోహం మీదే జరుగుతుంది. అందరికంటే ఎక్కువ నలిగింది మూతి. అమ్మోనియా స్ఫటికాల మధ్య సందుల్లోకి చొరబడి రవ్వంత తింటుంది. లోపలున్న ఒత్తిడి ఆ సందుని తెరుస్తుంది. తెరుచుకున్న సందులోకి మళ్లీ అమ్మోనియా. ఇలా ఇద్దరూ చేయిచేయి కలిపి చీల్చుకుంటూ పోతారు. ఇద్దరిలో ఒక్కరు లేకపోయినా పని జరగదు.

గుర్రాల్ని మూత్రం పోయొద్దని చెప్పలేరు కదా! కాబట్టి రెండో దోషి మీద పడ్డారు. పరిష్కారం విచిత్రంగా తేలిక. వేడి చేయడం. సుమారు 250 నుంచి 300 డిగ్రీల సెంటీగ్రేడు దాకా వేడిచేస్తే ఇత్తడి పెద్దగా మెత్తబడకుండానే లోపలి ఒత్తిడి దిగిపోతుంది. ఇంకా పైకి తీసుకెళ్తే పాత స్ఫటికాల స్థానంలో కొత్తవి పుట్టి లోహం మళ్లీ మెత్తనవుతుంది. ఈ ప్రక్రియ పేరే ఎనీలింగ్.

ఈ మాట పుస్తకాల్లోకి ఎక్కకముందే కంచరి కొలిమి దగ్గర ఆచరణలో ఉంది. జనగామ దగ్గర పెంబర్తిలో ఇత్తడి రేకుల మీద దేవతామూర్తుల్ని ఉబ్బెత్తుగా తేల్చేవాళ్లనో, శ్రీకాకుళం జిల్లా బుడితిలో ఇత్తడి పాత్రలు చేసేవాళ్లనో కాసేపు గమనిస్తే చాలు. ఇత్తడిని సుత్తితో కొడుతూ కొడుతూ ఓ దశ దాటాక అది మాట వినదు. ఇంకా కొడితే పగులుతుంది. అప్పుడు నిప్పులో పెట్టి కాల్చి, చల్లార్చి, మళ్లీ సుత్తి ఎత్తాల్సిందే. గమ్మత్తేమిటంటే ఇక్కడ కమ్మరి విద్య పనికిరాదు. ఎర్రగా కాలిన కొడవలిని నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది, పదునెక్కుతుంది. ఎర్రగా కాలిన ఇత్తడిని నీళ్లలో ముంచినా మెత్తగానే ఉంటుంది. మెల్లగా చల్లార్చినా అంతే, గబుక్కున చల్లార్చినా అంతే.

తూటాల ఫ్యాక్టరీలోనూ ఇదే వరస. ఓసారి సాగదీయడం, ఓసారి కాల్చడం, మళ్లీ సాగదీయడం. చివర్లో మూతిని విడిగా ఇంకోసారి వేడిచేస్తారు. అడుగుభాగాన్ని మాత్రం కావాలనే గట్టిగా వదిలేస్తారు. పుణె పక్కన ఖడ్కీలో 1869 నుంచీ తూటాల కర్మాగారం ఉంది. ఈ దేశంలో అంత పాత విద్య ఇది.

వాడిన గుల్లకి రెండో జన్మ

ఇంతవరకూ కొత్త తూటాల సంగతి. వాడేసినవాటి మాటేమిటి? తూటాలో అన్నిటికంటే ఖరీదైన భాగం సాధారణంగా ఇత్తడి గుల్లే. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాల్లాంటి దేశాల్లో పోటీల్లో పాల్గొనే షూటర్లు, వేటగాళ్లు ఎగిరిపడ్డ గుల్లల్ని ఏరుకుని ఇంటికి తీసుకెళ్లి, కొత్త ప్రైమర్, మందు, గుండు పెట్టి మళ్లీ వాడుకుంటారు. అక్కడ అది చట్టబద్ధమైన వ్యాపకం. రీలోడింగ్ అంటారు. మన దగ్గర కుదరదు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారుచేస్తే జైలే.

ఖర్చు కలిసొస్తుందని మొదలెట్టినవాళ్లు కూడా కొన్నాళ్లకి ఇత్తడికి దాసులైపోతారు. ఎందుకంటే గుల్ల ప్రతిసారీ కొంచెం మారిపోతుంది. పేలినప్పుడు ఉబ్బుతుంది. దాన్ని అచ్చులో దూర్చి నొక్కి పాత కొలతకి తేవాలి. అలా నొక్కినప్పుడు చపాతీ పిండిని కర్రతో తోస్తే ముందుకి జరిగినట్టు ఇత్తడి మూతివైపు జరుగుతుంది. గుల్ల రవ్వంత పొడుగవుతుంది. 'రవ్వంతేగా' అనుకుంటే ప్రమాదం. షూటర్లు ఎక్కువగా వాడే పాయింట్ త్రీ నాట్ ఎయిట్ విన్‌చెస్టర్ గుల్లకి గరిష్ఠ పొడవు 51.18 మిల్లీమీటర్లు. కత్తిరించాక ఉండాల్సింది 50.93. తేడా పావు మిల్లీమీటరు! అది దాటితే మూతి అంచు తుపాకీ గదిలో ముందున్న మెట్టుకి గుద్దుకుని, లోపలికి నొక్కుకుపోయి, గుండు గొంతు పిసికినట్టు పట్టేస్తుంది. గుండు కదలకముందే పీడనం పెరిగిపోతుంది. ఇంటర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో వెర్నియర్ కాలిపర్స్‌తో కుస్తీ పట్టి, 'ఇదెందుకు పనికొస్తుంది మాస్టారూ' అని విసుక్కున్నవాళ్లకి ఇదో జవాబు. ప్రతి గుల్లనీ కాలిపర్స్‌తో కొలిచి, పొడుగైనదాన్ని చిన్న కట్టర్‌తో చెక్కి, అంచున లేచిన గరుకుని లోపలా బయటా నున్నగా గీకుతారు.

జరిగిన ఇత్తడి ఎక్కడినుంచో రావాలి కదా. గోడ అడుగున, గట్టి పీఠానికి కాస్త పైనుంచి వస్తుంది. అక్కడ గోడ పల్చబడుతుంది. కొన్నిసార్లు బయట సన్నటి మెరిసే గీత ఉంగరంలా కనిపిస్తుంది. అనుభవజ్ఞులు పేపర్ క్లిప్ కొనని వంచి గుల్ల లోపలికి దించి, గోడ వెంబడి మెల్లగా లాగుతారు. కొన ఎక్కడైనా గాడిలో పడినట్టు తగిలితే ఆ గుల్ల చెత్తబుట్టలోకే. ఎనీలింగ్ చేసినా, కత్తిరించినా పల్చబడ్డ గోడ తిరిగిరాదు.

మూతి జబ్బుకి మాత్రం మందుంది. పేలడం, ఉబ్బడం, నొక్కడం... నాలుగైదుసార్లు ఇలా అయ్యేసరికి మూతి పెళుసెక్కుతుంది. గుండుని ఒక గుల్ల గట్టిగా, ఇంకో గుల్ల వదులుగా పట్టుకుంటుంది. దూరంగా ఉన్న గురికి ఆ తేడా కనిపించేస్తుంది. ఆ తర్వాత చీలుతుంది. అందుకే కొందరు ప్రతిసారీ, కొందరు మూడు నాలుగుసార్లకోసారి మూతిని కాలుస్తారు. పాత పద్ధతి చాలా ఇంటిపద్ధతిలా ఉంటుంది. వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి, గుల్లల్ని అడుగు నీళ్లలో మునిగేలా నిలబెట్టి, మూతికి మాత్రం గ్యాస్ టార్చి మంట చూపించి, కాలగానే నీళ్లలోకి పడదోయడం. ఇప్పుడైతే నిర్ణీత ఉష్ణోగ్రతకి కరిగే రంగులొచ్చాయి, క్షణాల్లెక్కన వేడిచేసే ఇండక్షన్ యంత్రాలూ వచ్చాయి. నీళ్లెందుకు? గట్టిపడటానికి కాదని పైనే చూశాం. వేడి కిందికి పాకకుండా ఆపడానికి. ఇత్తడి వేడిని చకచకా మోసుకుపోతుంది.

అసలు ప్రాణసంకటం అంతా ఇక్కడే ఉంది. మూతి మెత్తబడితే మేలు. అడుగు మెత్తబడితే? ఆ 4 వేల వాతావరణాల పీడనాన్ని వెనకవైపు ఆపాల్సింది ఆ అడుగే. అది మెత్తబడ్డ తూటా పేలిస్తే వాయువు వెనక్కి చీల్చుకుని వస్తుంది. తుపాకీ వెనక ఉండేది మనిషి కన్నూ, చెంపా. గుల్ల మొత్తాన్ని పొయ్యిలో పెట్టి కాల్చేద్దామనుకునే కొత్తవాళ్లకి పాతకాపులు చెప్పే మొదటి జాగ్రత్త ఇదే. ఇంకో చిక్కేమిటంటే, పొరపాటున మెత్తబడ్డదాన్ని వేడితో మళ్లీ గట్టిపరచలేరు. కొడితేనో, నొక్కితేనో తప్ప ఇత్తడి గట్టిపడదు. తూటా అడుగుని ఇంట్లో కొట్టి గట్టిపరచడం అయ్యే పని కాదు. ఐదు సెంటీమీటర్ల వస్తువులో ఒక కొస మెత్తగా, ఇంకో కొస గట్టిగా ఉండాలి. మధ్యలో కనపడని హద్దు. అది దాటకూడదు!

శుభ్రం చేయడంలోనూ వాళ్లకో పట్టింపు ఉంది. అమ్మోనియా కలిసిన మెరుపు పాలిష్‌లు గుల్లల దరిదాపుల్లోకి రానివ్వరు. వందేళ్లనాటి గుర్రపుసాల పాఠం ఇంకా మర్చిపోలేదన్నమాట. దాని బదులు చాలామంది వాడేది నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్. మన బామ్మలు ఇత్తడి బిందెకి చింతపండు పట్టించేదీ అలాంటి పులుపుతోనే కదా! అయితే పులుపులో మరీ ఎక్కువసేపు నానబెడితే ఇత్తడి గులాబీరంగులోకి తిరుగుతుంది. పైపొరలోంచి జింకు పోయి రాగి మిగిలిందని దానర్థం. రీలోడర్లు గడియారం చూసుకుంటూ నానబెడతారు. బామ్మలు చూపుతోనే తేల్చేస్తారు.

అటకమీది పాత ఇత్తడి చెంబునో, బిందెనో ఎప్పుడైనా దింపి చూస్తే, దెబ్బ తగిలిన సొట్ట ఏదీ లేకుండానే మూతి దగ్గర నిలువుగా సన్నటి చీలిక కనిపించొచ్చు. 'ఎవరు పడేశారో' అని పిల్లల్ని కేకలేయడానికి ముందు ఆ బిందె ఏళ్ల తరబడి ఎక్కడుందో గుర్తు తెచ్చుకోవాలి. అది పశువుల కొట్టం పక్క గదే అయితే పిల్లల తప్పేం లేకపోవచ్చు.

అమెరికా సైన్యం తూటాని దగ్గరగా చూస్తే ఓ విశేషం కనిపిస్తుంది. మూతి, భుజం దగ్గర నీలం, గోధుమరంగు కలగలిసిన మచ్చ. పాలు పొంగి మాడిన గిన్నె అంచులా, చూడ్డానికి ఏమంత బాగుండదు. దుకాణాల్లో అమ్మే తూటాలకైతే చాలా కంపెనీలు దాన్ని రుద్ది తళతళలాడిస్తాయి. సైన్యం మాత్రం రుద్దొద్దంటుంది. మూతిని కాల్చారా లేదా అన్నది తనిఖీ చేసేవాడికి కంటితోనే తెలిసిపోవాలి. ఆ మచ్చ ఉంటేనే పెట్టె ముందుకి కదులుతుంది.